బయటి గడియ

ఆ గదికి గడియ బయటివైపే ఉంటుంది. లోపలివైపు పట్టుకుని లాగడానికి పిడి కూడా లేదు.

ఆల్డర్‌టన్ కాలేజీ వ్యాయామశాల అడుగున, నేలమాళిగలో, ఆవిరి గొట్టాలు పోయే గది అది. మొదటి ఏడాది కుస్తీ కుర్రాడు ఈలై నోవాట్నీ మర్నాటి పోటీ ముందు తూకంలో సరిపోవడానికి, చెమట పట్టించి బరువు దించుకోవాలని ఒంటికి ప్లాస్టిక్ సూటు తగిలించుకుని ఆ గదిలోకి వెళ్ళడం, అక్కడే స్పృహ తప్పి పడిపోవడం ఊరందరికీ తెలిసిందే. "ఎవరికీ చెప్పకుండా, నిబంధనలు మీరి, తనంతట తానే" ఆ పని చేశాడని కాలేజీవాళ్ళు ఒక ప్రకటన పారేశారు. దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసింది ఆల్డర్‌టన్ కొరియర్ పత్రిక. వార్త మీద పేరు రోండా క్రేమర్‌ది. ఆ వార్త చూపించే కాలేజీ ఈలై స్కాలర్‌షిప్ ఆపేసింది. ఆ వార్త చదివే ఊరంతా వాణ్ణి తెలివితక్కువ వెధవ కింద జమకట్టేసింది. వాడు మాత్రం ఇవేవీ తెలియకుండా ఆస్పత్రి మంచం మీద గొట్టాల మధ్య కళ్ళు మూసుకుని పడున్నాడు.

గత వారం వాళ్ళమ్మ డార్లీన్ పత్రికాఫీసుకు వచ్చి, రోండా బల్ల మీద ఆ పేపరు పరిచి, ఏడవకుండా, గొంతు పెంచకుండా ఒక్క ప్రశ్న వేసి వెళ్ళిపోయింది.

"మావాడు ఒక్కడే ఉంటే, బయట గడియ ఎవరు పెట్టారమ్మా?"

రోండాకి ఆ తర్వాత ముద్ద దిగలేదు. ఇన్నేళ్ళుగా ఆటల వార్తలు రాస్తున్న మనిషి. ఏ కుర్రాడు ఎవరిని ఎన్ని పాయింట్ల తేడాతో పడగొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఆ గది తలుపు దగ్గరికి ఒక్కసారి వెళ్ళి చూసొద్దామని మాత్రం తోచలేదు. డార్లీన్ వెళ్ళాక పోయి చూసింది. చూసి, ఆ గడియ మీద చెయ్యి వేసి, పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది.

సరే, ఆ గడియ పెట్టిన చెయ్యి ఎవరిది? అది అడగడానికే మంగళవారం సాయంత్రం లార్సెన్ హోటల్‌కి బయల్దేరింది.

కుస్తీ పోటీల కాలం వచ్చిందంటే చాలు, ప్రతి మంగళవారం సాయంత్రం ఆల్డర్‌టన్‌లో సగం ఊరు లార్సెన్ హోటల్లోనే ఉంటుంది. మిగతా సగం రేడియో దగ్గర. 'కోచ్‌తో కాసేపు' అనే కార్యక్రమం అక్కణ్ణుంచే లైవ్‌లో వస్తుంది. మధ్యలో ఒక పెద్ద బల్ల, బల్ల మీద మైకులు, ఒక పక్క కోచ్ వెండెల్ రుడ్, ఇంకో పక్క గ్లెన్ సోబోట్కా. ఈ గ్లెన్‌గారే కార్యక్రమం నడిపే పెద్దమనిషి. కొరియర్ పత్రిక సొంతదారూ ఆయనే, రేడియో స్టేషన్‌లో పెద్ద వాటాదారూ ఆయనే. ఊళ్ళో ఏ మాట పైకి రావాలన్నా ఆయన ఇంటి గుమ్మం దాటుకునే రావాలి.

కార్యక్రమం ఎలా మొదలవుతుందో అక్కడి పసిపిల్లలకి కూడా తెలుసు. గ్లెన్ ఒక పెద్ద పాప్‌కార్న్ గిన్నె ముందుకు తోస్తాడు. కోచ్ జేబులోంచి తన ఫోన్ తీసి అందులో పడేస్తాడు. "ఇక ఈ గంటసేపూ కోచ్ మనవాడే!" అని గ్లెన్ కేక పెడతాడు. జనం చప్పట్లు కొడతారు. మధ్యలో ఫోన్ మోగితే గ్లెన్‌గారే తీస్తారు, తీసి ఏదో ఒక జోకు వేస్తారు. ఆ జోకు కోసమే కోచ్ చుట్టాలు కొందరు కావాలని ఫోన్ చేస్తుంటారు కూడా.

ఇంకో నియమం కూడా ఉంది. అక్కడ ప్రశ్నలు అభిమానులే అడగాలి. విలేకరులు మూలబల్ల దగ్గర కూర్చుని, ఉచితంగా పెట్టే పంది మాంసం శాండ్‌విచ్ తిని, కాఫీ తాగి, నోరు మూసుకుని రాసుకుపోవాలి. రోండా అన్నేళ్ళూ అదే చేసింది.

ఈలై పడిపోయాక ఒక వారం కార్యక్రమం ఆపారు. ఇవాళ మళ్ళీ మొదలు. ఫోన్ గిన్నెలో పడింది. చప్పట్లు మోగాయి, కాస్త తక్కువగా. ఈ వారం అతిథి జట్టు కెప్టెన్ కోల్టన్ యేగర్. కుస్తీ పట్లకి చెవులు రెండూ నలిగి ముద్దలైన, భుజాలు చొక్కాలో పట్టని కుర్రాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు ఇవాళ బల్ల మీది ఉప్పుడబ్బా వంకే చూస్తున్నాడు.

చర్చి తరఫున ఒక ముసలావిడ లేచి, "పాపం ఆ నోవాట్నీ పిల్లాడి కోసం ఒక్క క్షణం ప్రార్థన చేద్దాం" అంది. అందరూ తలలు వంచారు. ఆ క్షణం కాగానే తలలెత్తి చీజు వేపుడు మీద పడ్డారు. వెర్న్ అనే మొక్కజొన్న రైతు లేచి, "శనివారం పోటీలో అవతలి జట్టు మీద మన ఎక్కువ బరువు కుర్రాళ్ళు ఆగుతారంటావా కోచ్?" అని అడిగాడు. కోచ్ ఏదో చెప్పాడు. జనం నవ్వారు. రోండాకి ఒళ్ళు మండిపోయింది. ప్రార్థన అయిపోయింది కదా, ఇక పిల్లాడి సంగతి దేవుడు చూసుకుంటాడు, మనం శనివారం సంగతి చూసుకుందాం!

రోండా లేచి నిలబడింది.

"కోచ్, నాదొక ప్రశ్న."

గ్లెన్ మైకు దగ్గరికి వంగాడు. "అయ్యయ్యో, మా రోండా దారి తప్పింది. రోండా, నీ కాఫీ చల్లారిపోతోంది, వెళ్ళి తాగు తల్లీ." జనం పకపకా నవ్వారు.

"ఈలై ఉన్న గదికి గడియ బయటివైపు ఉంది కోచ్. నేను వెళ్ళి చూశాను. లోపలున్నవాడు పెట్టుకోలేడు, తీసుకోలేడు. ఆ సాయంత్రం బయట ఎవరున్నారు?"

నవ్వులు ఆగిపోయాయి. వంటింట్లో నూనె చిటపటలు మాత్రం వినిపిస్తున్నాయి. కోచ్ మెడ కింద చర్మం ఎర్రబడింది.

"దర్యాప్తు జరుగుతోంది. లాయర్లు మాట్లాడొద్దన్నారు."

"లాయర్ల గొడవ నాకెందుకండీ? మీకు తెలుసా, తెలీదా?"

"నేను..." కోచ్ పాప్‌కార్న్ గిన్నె వంక చూశాడు. "నేను ఎవర్నీ అడగలేదు."

ఆ మాట మూడు జిల్లాల రేడియోల్లోంచి పోయింది. పిల్లాడు చావుబతుకుల్లో ఉంటే, వాళ్ళింటికెళ్ళి, వాళ్ళమ్మ చేతి సూపు తాగి, "మీవాడికి నేనున్నాను" అని చెప్పి వాణ్ణి జట్టులోకి తెచ్చుకున్న మనిషి, ఎవర్నీ అడగలేదట! గ్లెన్ గబుక్కున చెయ్యి ఊపాడు. రేడియోలో విత్తనాల కంపెనీ ప్రకటన మొదలైంది.

మైకులు ఆగేసరికి జనం నోళ్ళు లేచాయి.

"పేపర్లు అమ్ముడుపోవట్లేదేమో పాపం."

"నీ కొడుకు ఆ జట్టులో ఉంటే ఇలాగే అడుగుతావా?"

"ఆ కుర్రాడే కదా తప్పు చేసింది? నువ్వే రాశావుగా! రాసినప్పుడు తెలీలేదా?"

ఆ చివరి మాట నిజం. అన్నది వెర్న్. పదేళ్ళుగా తన కాలమ్ చదివి ప్రతి వారం పలకరించే మనిషి.

గ్లెన్ కుర్చీలోంచి లేచి పక్కకొచ్చాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం పళ్ళ మధ్యనుంచి వచ్చింది. "బయటికి పో. రేపు పొద్దున మాట్లాడుకుందాం. ఇన్నేళ్ళూ నిన్ను మోసినందుకు నాకు బాగా బుద్ధి చెప్పావు."

"మీరు మోశారో నేను మోశానో రేపే తేల్చుకుందాం గ్లెన్." కోటు అందుకుని బయటికి నడిచింది.

బయట మంచు పడుతోంది. కార్లు పెట్టే చోట దీపం కింద నిలబడి తాళంచెవి కోసం వెతుక్కుంటోంది. వెనకాల తలుపు చప్పుడైంది. కోటు కూడా వేసుకోకుండా కోల్టన్ యేగర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"మేడమ్. మేడమ్, ఆగండి."

"ఏం బాబూ, నువ్వు కూడా తిట్టడానికొచ్చావా? వరసలో నిలబడు."

"నేనే మేడమ్."

"నువ్వే ఏమిటి?"

"గడియ పెట్టింది నేనే."

రోండా కారు తలుపు తీసి, "ఎక్కు, గడ్డకట్టుకుపోతావు" అంది. ఇద్దరూ కారులో కూర్చున్నారు. అద్దాల మీద మంచు పేరుకుంటోంది. ఆ కుర్రాడు తన అరచేతుల వంక చూసుకుంటూ మాట్లాడాడు.

"మా దగ్గర దాన్ని తలుపు పట్టడం అంటాం. బరువు దింపుకోవాల్సినవాడు లోపలికెళ్తాడు. సీనియర్ ఒకడు బయట గడియ పెట్టి కూర్చుంటాడు. వెళ్ళే ముందు లోపలికెళ్ళేవాడే మాట తీసుకుంటాడు. 'బతిమాలినా తియ్యకు, తిట్టినా తియ్యకు, ఏడ్చినా తియ్యకు' అని. టైము అయ్యేదాకా తియ్యకూడదు. తీస్తే వాణ్ణి అవమానించినట్టు."

"ఎవరు పెట్టారు ఈ పద్ధతి?"

"ఏమో. నేనొచ్చేసరికే ఉంది. నా మొదటి ఏడాది నాకూ పట్టారు. నేనూ కొట్టాను మేడమ్ తలుపు. అమ్మా అని ఏడ్చాను. తియ్యలేదు. మర్నాడు తూకంలో సరిపోయాను, గెలిచాను. తలుపు పట్టినవాణ్ణి కావలించుకున్నాను. ఇప్పటికీ వాడే నా ప్రాణస్నేహితుడు."

"ఈలై కొట్టాడా?"

కోల్టన్ అరచేతులు మూసుకున్నాడు.

"చెప్పు బాబూ. కొట్టాడా?"

"కొట్టాడు. కొడితే మేం బయటినుంచి కాలేజీ పాట పాడతాం. గట్టిగా. లోపలివాడికి ధైర్యంగా ఉంటుందని."

"పాడావా?"

"పాడాను. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ పాడాను. ఆ తర్వాత కొట్టడం ఆపేశాడు. దారికొచ్చాడనుకున్నాను మేడమ్. శభాష్ అని కూడా అన్నాను, తలుపు అవతల నుంచి."

రోండాకి వాణ్ణి చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణం దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యకుండా చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"తలుపు తీశాక?"

"ఒళ్ళు కాలిపోతోంది. చుక్క చెమట లేదు. ఏదేదో గొణుగుతున్నాడు. కోచ్‌కి ఫోన్ చేశాను."

"కోచ్‌కా? అంబులెన్స్‌కి కాదా?"

ఆ కుర్రాడు ఆశ్చర్యంగా చూశాడు. వాడికి ఆ ప్రశ్నే వింతగా ఉంది. "మాకు ఏదైనా ముందు కోచ్‌కే మేడమ్. కాలు విరిగినా కోచ్‌కే, పోలీసులు పట్టుకున్నా కోచ్‌కే. జట్టులో చేరిన మొదటి రోజే చెప్తారు. ఆ నంబరు మాకు నోటికి రాకపోతే పరిగెత్తిస్తారు."

"కోచ్ ఏమన్నాడు?"

"కోచ్ ఎత్తలేదు. గ్లెన్ సోబోట్కాగారు ఎత్తారు."

రోండా తల తిప్పింది.

"మంగళవారం కదా మేడమ్. కోచ్ ఇక్కడే ఉన్నారు, రేడియోలో. ఫోన్ గిన్నెలో ఉంటుంది కదా. సోబోట్కాగారు ఎత్తి, 'ఏంట్రా, లైవ్‌లో ఉన్నాం' అన్నారు. ఇలా ఇలా జరిగింది, ఈలై పడిపోయాడు, కోచ్‌కి చెప్పండి అన్నాను. నడుస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత, 'కళ్ళు తిరిగి ఉంటాయి, మీకు మామూలే కదా. ఆ సూటు తీసెయ్, నీళ్ళు పట్టించు, పడుకోబెట్టు. కోచ్‌కి నేను చెప్తాను. ఆయన వచ్చేదాకా ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు. పేపర్లకెక్కుతావు' అన్నారు."

"పేపర్లకెక్కుతావు అన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే. నేను వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోచ్ వస్తారు, వస్తారు అనుకుంటూ. రాలేదు. చివరికి వ్యాయామశాల తాళాలేసే ఆయన వచ్చి చూసి అంబులెన్స్‌ని పిలిచాడు."

"ఆ తర్వాతైనా కోచ్‌తో మాట్లాడావా?"

"ఏం మాట్లాడను? ఆయనకన్నీ తెలుసనుకున్నాను. ఆస్పత్రిలో ఒకసారి నోరు విప్పబోతే, 'నాకేం చెప్పొద్దు కోల్టన్, లాయర్లు చూసుకుంటారు' అన్నారు. సరే, తెలిసే ఊరుకున్నారు కాబోలు, మనమూ ఊరుకోవాలి కాబోలు అనుకున్నాను."

రోండా వినడం లేదు. ఆ మంగళవారం ఆమె కూడా లార్సెన్ హోటల్లోనే ఉంది. అదే మూలబల్ల దగ్గర, అదే శాండ్‌విచ్ తింటూ. గిన్నెలో ఫోన్ గిరగిర తిరిగి పాప్‌కార్న్ బల్ల మీద చిందడం చూసింది. గ్లెన్ ఫోన్ పట్టుకుని వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళడం చూసింది. తిరిగొచ్చి, ఫోన్ గిన్నెలో బోర్లా పెట్టి, మైకులో ఆయన వేసిన జోకు కూడా వింది.

"కోచ్, మీ ఆవిడ. ఇంటికొచ్చేటప్పుడు బ్రెడ్ తెమ్మంటోంది!"

హోటలంతా గొల్లుమంది. రోండా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. అంతటితో ఆగిందా? బుధవారం తన కాలమ్‌ని ఆ బ్రెడ్ జోకుతోనే మొదలుపెట్టింది. ఊరు ఊరంతా చదువుకుని ఇంకోసారి నవ్వుకుంది. హోటల్లో ఆ నవ్వులు మోగుతున్నప్పుడే ఆ పిల్లాడి తల కోల్టన్ ఒళ్ళో ఉంది. తన పేరు మీద వచ్చిన కాలేజీ ప్రకటన మర్నాడు ఎవరు చేతికిచ్చారు? గ్లెన్. "ఇందులో ఒక్క మాట మార్చకు, కాలేజీవాళ్ళతో మాట్లాడాను" అన్నది ఎవరు? గ్లెన్. కిటికీ అద్దం దించి చల్లగాలి పీల్చుకుంది.

"రాసెయ్యండి మేడమ్," అన్నాడు కోల్టన్. "నా పేరుతోనే రాయండి."

"కేసు పెడతారు నీ మీద. కుస్తీ పోతుంది, చదువు పోతుంది. ఈ ఊళ్ళో నీ ముఖం చూసి నవ్వేవాడు ఉండడు."

"పోనీండి. నిద్రపోతే తలుపు చప్పుడు వినిపిస్తోంది. మెలకువగా ఉంటే నేను పాడిన పాట వినిపిస్తోంది. ఈలైది తప్పని అందరూ అంటుంటే నేను కూడా తలూపాను మేడమ్. అన్నిటికంటే అదే పాడు పని."

"మీ అమ్మకి చెప్పావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ముందు ఆవిడకి చెప్పు. ఇవాళే చెప్పు. నువ్వు చేసింది నీ తల్లి పేపర్లో చూసి తెలుసుకోకూడదు. డార్లీన్ అలాగే తెలుసుకుంది. దానికి కారణం నేనే. ఇంకో తల్లికి నేను ఆ పని చెయ్యను. తర్వాత ఒక లాయర్ని పక్కన పెట్టుకుని నా దగ్గరికి రా. నువ్వు చెప్పిన ప్రతి ముక్కా రాస్తాను."

"మరి మీరు? ఇంటికి వెళ్తారా?"

రోండా హోటల్ కిటికీల వంక చూసింది. లోపల పసుపుపచ్చని వెలుతురు, మనుషుల నీడలు. కార్యక్రమం ఇంకా నడుస్తోంది.

"నా కాఫీ చల్లారిపోతోందన్నాడుగా గ్లెన్. వెళ్ళి తాగొస్తాను."

బూట్లకు అంటిన మంచు గచ్చు మీద పడేలా నడుచుకుంటూ లోపలికి వచ్చింది. తలలు తిరిగాయి. ఎవరో "మళ్ళీ వచ్చిందిరా" అన్నారు. మైకుల మీద ఎర్ర దీపం వెలుగుతోంది, అంటే లైవ్‌లో ఉన్నారు. గ్లెన్ కళ్ళతోనే తలుపు చూపించాడు. రోండా ఆగలేదు. మూలబల్ల దగ్గరికి కాదు, పెద్ద బల్ల దగ్గరికి నడిచింది.

సరిగ్గా అప్పుడే గిన్నెలో ఫోన్ వణికింది. పాప్‌కార్న్ గలగలమంది.

గ్లెన్ ముఖం వెలిగింది. దేవుడు పంపిన ఫోన్ అది! జనం దృష్టి మళ్ళించడానికి ఇంతకన్నా ఏం కావాలి? చటుక్కున అందుకుని పైకెత్తి చూపించాడు. "కోచ్, మీ ఇంట్లో మళ్ళీ బ్రెడ్ అయిపోయినట్టుంది!"

పాత జోకే. అయినా జనం హాయిగా నవ్వారు. ఆ గదిలో అందరికీ ఒక నవ్వు కావాలి. గ్లెన్ తెర వంక చూశాడు. నవ్వు పెదాల మీద అలాగే ఉంది గాని, బొటనవేలు ఫోన్ ఆపే మీట మీదికి జరిగింది. రోండా పక్కనే నిలబడి ఉంది. తెర మీద పేరు ఆమెకి స్పష్టంగా కనిపించింది.

గ్లెన్ మణికట్టు పట్టుకుంది.

"అది బ్రెడ్ కాదు. డార్లీన్ నోవాట్నీ."

"వదులు రోండా. లైవ్‌లో ఉన్నాం."

"ఆవేళా లైవ్‌లోనే ఉన్నారు." ఆయన వేళ్ళలోంచి ఫోన్ లాగి, మైకుకి దూరంగా, బల్ల అవతలికి చాపింది. "తీసుకోండి కోచ్. ఈ ఫోన్ ఇంకొకరు ఎత్తకూడదు. మీరే ఎత్తాలి."

కోచ్ రుడ్ తీసుకున్నాడు. చెవికి ఆనించుకున్నాడు. పెద్దమనిషి, భారీ మనిషి, అందరి ముందూ కుర్చీలో కుంచించుకుపోతూ విన్నాడు. "ఊఁ" అన్నాడు. "ఊఁ, అమ్మా" అన్నాడు. చివరికి, "సరిపోయావని చెప్పండి వాడితో. నేను చెప్పానని చెప్పండి" అని ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"ఏమైంది కోచ్?" వెర్న్ అడిగాడు.

"కళ్ళు తెరిచాడు."

ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు. చర్చి ముసలావిడ "దేవుడా!" అని చేతులెత్తింది. చప్పట్లు హాలంతా పాకుతుంటే కోచ్ చెయ్యెత్తి ఆపాడు.

"వాళ్ళమ్మని పోల్చుకోలేదట. పేరు చెప్పమంటే చెప్పట్లేదట. ఒక్కటే మాట, మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడట. 'తూకంలో సరిపోయానా?' అని."

చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు దించుకున్నారు. వడ్డించే అమ్మాయి పళ్ళెం పట్టుకునే వెక్కివెక్కి ఏడ్చింది. వెర్న్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

గ్లెన్ మైకు దగ్గరికి జరిగి, గొంతు సవరించుకుని, "శ్రోతలారా, ఇది మనందరికీ ఎంతో ఉద్వేగభరితమైన..." అని మొదలుపెట్టాడు.

"గ్లెన్," అన్నాడు కోచ్.

"ఒక్క నిమిషం వెండెల్, ప్రకటనకి వెళ్ళి..."

"ఆవేళా లైవ్‌లోనే ఉన్నారు అంది రోండా. ఏమిటా మాట?"

"ఏదో పిచ్చిమాట. ఆవిడకి ఇవాళ మతి..."

"ఆ మంగళవారం ఆస్పత్రి నుంచి ఇంటికెళ్తూ బ్రెడ్ కొన్నాను గ్లెన్." కోచ్ తొందరపడకుండా, ఒక్కొక్క మాటా తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "అంత దిగుల్లోనూ గుర్తుపెట్టుకుని, ఆ వేళప్పుడు కొట్టు వెతుక్కుని మరీ కొన్నాను. ఇంటికెళ్తే మా ఆవిడ, ఇంట్లో ఉండగా ఇదెందుకు తెచ్చావంది. నువ్వే కదా ఫోన్ చేశావన్నాను. నేను చెయ్యలేదంది. మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో నాకే తెలీదు. ఆవిడ ఏదీ మర్చిపోయే మనిషి కాదు."

గ్లెన్ చెయ్యి మైకు మీట వైపు జరిగింది. రోండా తన తడి చేతితొడుగు తీసి ఆ మీట మీద పెట్టి, దాని మీద అరచెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. ఇరవై ఏళ్ళు జీతమిచ్చిన మనిషి కళ్ళలోకి సూటిగా చూసింది. ఆ కళ్ళలో కోపం లేదు, ఒట్టి భయం ఉంది.

"ఆ రోజు నా ఫోన్‌కి చేసిందెవరు గ్లెన్?" కోచ్ అడిగాడు.

గ్లెన్ పాప్‌కార్న్ గిన్నె తన వైపు లాక్కున్నాడు. కాఫీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నారు. అప్పుడు వెనకనుంచి, గుమ్మం దగ్గర నుంచి, మంచుతో జుట్టంతా తెల్లబడ్డ ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది, చెవికి దూరంగా. అవతల వాళ్ళమ్మ "కోల్టన్? నాన్నా, కోల్టన్?" అని పిలుస్తూనే ఉంది.

"నేను చేశాను కోచ్," అన్నాడు.

మైకు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.